సాపుగా కూర్చోని నక్షత్రం: ఆమిష్ రంగుల్లో మడతల క్విల్ట్ బ్లాకు, ఒక కేస్ స్టడీ

క్విల్టు అంటే మన బొంత లాంటిదే, బ్లాకు అంటే అందులో ఒక గడి. గుడ్డ ముక్కలు మడిచి నక్షత్రంలా పేర్చి కుట్టిన మొదటి బ్లాకు పూర్తయ్యాక బల్ల మీద పెట్టి చూశాను. నాలుగు మూలలూ బల్లకు ఆనాయి, నడుమ మాత్రం బోర్లించిన మూకుడులా లేచింది. అరచేత్తో నొక్కితే అణుగుతుంది, చెయ్యి తీయగానే మళ్లీ లేస్తుంది. ఆవిరి పెట్టి ఇస్త్రీ చేస్తే ఇంకాస్త లేచింది. అందులో 36 మడతలు, 5 గంటల పని ఉన్నాయి. దూరం నుంచి నక్షత్రం బాగానే కనిపిస్తోంది. కానీ ఇలాంటి తొమ్మిది మూకుళ్లు పక్కపక్కన కుట్టి గోడకు వేలాడదీస్తే ఒక్కటీ సాపుగా కూర్చోదు. ఆ బ్లాకు ఎందుకు చెడింది, ఎలా సరిచేశాను, తొమ్మిదీ పూర్తయ్యేదాకా ఇంకా ఏమేం ఎదురయ్యాయి అన్నది ఇక్కడ రాస్తున్నాను. ఈ పని చెయ్యాలనుకునే మనవాళ్లకు నా 5 గంటలైనా మిగలాలని నా కోరిక.

నేను పెన్సిల్వేనియాలోని ఎక్స్‌టన్‌లో ఉంటాను. కుట్టుపని తెనాలిలో మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను, క్విల్టులు కుట్టడం ఇక్కడికి వచ్చాక అబ్బింది. రూట్ 30 పట్టుకుని పడమరకు పోతే గంటలో లాంకాస్టర్ కౌంటీ పల్లెలు వస్తాయి. పాత పద్ధతుల్లో సాదాగా బతికే ఆమిష్ అనే క్రైస్తవ సమాజం ఉండేది అక్కడే. గుర్రపు బగ్గీలు, మొక్కజొన్న చేలు, తీగల మీద ఆరేసిన ఒకే రంగు బట్టలు. మా వీధి చివర ఉండే ఆంటీ అటు వెళ్లినప్పుడు ఇంటర్‌కోర్స్ అనే ఊళ్లో ఒక కొట్లో వేడి గిన్నెల కింద పెట్టుకునే గుండ్రటి మెత్త ఒకటి కొన్నారు. దాని మీద మడతల నక్షత్రం ఉంది. ఆవిడ దాన్ని వంటింట్లో పెట్టకుండా అలాగే దాచుకుని, కొడుకు కొత్త ఇల్లు కొన్నప్పుడు నా దగ్గరికి తెచ్చారు.

"తల్లీ, ఈ నక్షత్రాన్నే గోడంత చేసి పెట్టు. మెట్ల పక్కన వేలాడదీస్తాను" అన్నారు.

"గోడంత అయితే ఒక్క నక్షత్రం చాలదు ఆంటీ, తొమ్మిది కావాలి. రెండు నెలలు పడుతుంది" అన్నాను.

"పట్టనీ. మా అమ్మ బొంత కుట్టాలంటే ఎండాకాలం మొత్తం పట్టేది" అన్నారావిడ.

ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది. బొంత తెలిసినవాళ్లకు అతుకు విలువ చెప్పనక్కర్లేదు.

పనిలోకి దిగే ముందు ఆంటీకి ఒక విషయం విడమరచి చెప్పాను. లాంకాస్టర్ ఆమిష్ స్త్రీలు క్విల్టులు కుట్టడం తమ ఆమిషేతర పొరుగువాళ్లను చూసి నేర్చుకున్నారు. వాళ్లు కుట్టిన పాత క్విల్టుల్లో ఎక్కువ భాగం 19వ శతాబ్దం చివరి దశాబ్దాల నుంచి 20వ శతాబ్దం మధ్య వరకు వచ్చినవి. వాటిలో పేరున్న నమూనాలు నడుమ పెద్ద వజ్రపు గడి, నిలువు పట్టీలు, చిన్న గడులతో ఎండా నీడా ఆడినట్టుండే సన్‌షైన్ అండ్ షాడో. అన్నీ పూలూ గీతలూ లేని ఉత్త రంగు గుడ్డలే, లాంకాస్టర్‌లో చాలావరకు సన్నని ఉన్నివి. 1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం క్విల్టులను గోడలకు బొమ్మల్లా వేలాడదీసి ప్రదర్శన పెట్టింది. ఆమిష్ క్విల్టుల మీద లోకం చూపు పడటానికి అదొక పెద్ద కారణం. ఈ మడతల నక్షత్రం మాత్రం ఆ పాత కోవలోది కాదు. ఇంగ్లండ్‌లో దీన్నే సోమర్‌సెట్ ప్యాచ్‌వర్క్ అంటారు. ఆమిష్ ఊళ్లలో ఇది ఎక్కువగా కొట్లలో అమ్మే మెత్తల మీదా దిండు గలీబుల మీదా కనిపిస్తుంది. కాబట్టి మనం చేసేది "ఆమిష్ క్విల్టు" కాదు, ఆమిష్ రంగులూ ఆమిష్ పొందికా తీసుకున్న మన క్విల్టు. పేరు సరిగ్గా చెప్పుకోవడం నాకు ముఖ్యం. ఆ కొట్లలో ఆమిష్ పేరుతో అమ్ముడయ్యే క్విల్టుల వెనక కూడా చాలా చేతులున్నాయి. లావోస్ నుంచి శరణార్థులుగా వచ్చిన హ్మాంగ్ స్త్రీలు 1980ల నుంచి లాంకాస్టర్‌లో ఆ కొట్లకు కుడుతున్నారు, వాళ్ల సూదిపని గొప్పది.

ఇక చెడిన బ్లాకు సంగతి. దాన్ని నేను చతురస్రపు ముక్కలతో చేశాను. 4 అంగుళాల చతురస్రాన్ని సగానికి మడిస్తే 4 బై 2 అవుతుంది. మడత పైకి ఉంచి, పై మూలలు రెంటినీ కింది అంచు మధ్యకు దించితే ముక్కోణం వస్తుంది. దాని శిఖరం 90 డిగ్రీలు, ఎత్తు 2 అంగుళాలు, నడుమ నిలువుగా ఒక చీలిక. అందరూ మొదట నేర్చుకునేది ఇదే, ఎక్కడా పోగులు బయటపడవు కాబట్టి తేలిక కూడా. నక్షత్రం కట్టే పద్ధతి ఇలా ఉంటుంది. అడుగు గుడ్డ మీద మొదటి వరసలో నాలుగు ముక్కోణాలు, శిఖరాలన్నీ సరిగ్గా కేంద్రంలో కలుస్తాయి. రెండో వరసలో ఎనిమిది, శిఖరాలు కేంద్రానికి అర అంగుళం దూరంలో. మూడో వరసలో ఎనిమిది, 1 అంగుళం దూరంలో. నాలుగో వరసలో పదహారు, అంగుళంన్నర దూరంలో. 4, 8, 8, 16 కలిపి 36.

నా బ్లాకు ఎందుకు లేస్తోందో రెండు రోజులు అర్థం కాలేదు. దాన్ని సంచిలో వేసుకుని ఇంటర్‌కోర్స్ వెళ్లాను. ఆంటీ మెత్త కొన్న కొట్లోనే, కౌంటరు వెనక ముక్కలు మడుస్తూ కూర్చున్న ఒక పెద్దావిడకు చూపించాను. తెల్లటి టోపీ, ముదురు నీలం గౌను. నా బ్లాకును బల్ల మీద పెట్టి చూడలేదావిడ. బొటనవేలూ చూపుడువేలూ మధ్య పట్టుకుని, కేంద్రం నుంచి అంచు దాకా మెల్లగా జరుపుకుంటూ వెళ్లింది, మనం చపాతీ పిండి ఎక్కడ మందంగా ఉందో వేళ్లతో చూసుకున్నట్టు. అంచు దగ్గర ఆగి నా వేళ్లు అక్కడ పెట్టించింది. తర్వాత తను మడుస్తున్న ముక్క ఒకటి నా అరచేతిలో పెట్టింది. నా ముక్కతో పోలిస్తే అది కాగితంలా ఉంది. ఇస్త్రీ కూడా లేకుండా మడత మీద బొటనవేలి గోరుతో ఒక్క గీత గీసింది, అంతే, కత్తితో కోసినట్టు కూర్చుంది. ఫోటో తీసుకుంటానని అడగలేదు, వాళ్లకు అది ఇష్టం ఉండదు. ఆ ముక్కను విప్పి, మళ్లీ మడిచి, చేతికి గుర్తు పెట్టుకుని వచ్చాను.

ఇంటికొచ్చి పొరలు లెక్కపెట్టాను. చతురస్రంతో చేసిన ముక్కోణంలో ప్రతి చోటా నాలుగు పొరలుంటాయి. కేంద్రంలో ఉండేది మొదటి వరస ఒక్కటే, అంటే నాలుగు పొరలు. కేంద్రం నుంచి రెండు, రెండున్నర అంగుళాల దూరానికి వెళ్లేసరికి వరసలు ఒకదాని మీద ఒకటి పడి నాలుగైదు ముక్కలు పేరుకుంటాయి, అంటే 16 నుంచి 20 పొరలు. నడుమ 4, చుట్టూ 20. బండి చక్రానికి ఇనుప పట్టా బిగించినట్టు ఆ మందం చుట్టూ బిగుసుకుంది. పైగా ఒక్కో వరసను అడుగు గుడ్డకు కుట్టినప్పుడల్లా కుట్టు కొద్దికొద్దిగా గుడ్డను లాగింది. చుట్టుకొలత తగ్గితే నడుమ పైకి లేవక ఏం చేస్తుంది? అడుగున వేసింది కొత్త మస్లిన్, ఉతకనిది. ఆవిరి తగలగానే అది కూడా కుంచించుకుపోయింది. నేను ఇస్త్రీ చేసిన కొద్దీ మూకుడు ఎత్తు పెరిగింది అందుకే.

పెద్దావిడ ముక్క దీర్ఘచతురస్రంతో చేసింది. 4 అంగుళాల పొడవు, 2¼ అంగుళాల వెడల్పు. పొడవు వైపు ఒక అంచును పావు అంగుళం వెనక్కి మడిచి గీత పెడితే 4 బై 2 మిగులుతుంది. ఆ మడిచిన అంచు మూలలు రెంటినీ కింది అంచు మధ్యకు దించాలి. అదే ముక్కోణం, అదే కొలత, కానీ రెండే పొరలు, నడుమ చీలిక పక్కన మాత్రం మూడు. నాలుగైదు ముక్కలు పేరుకున్న చోట కూడా 8 నుంచి 10 పొరలే, చీలికలు కలిసే చోట ఒకటి రెండు ఎక్కువ. గుడ్డ కూడా బాగా కలిసొస్తుంది. తొమ్మిది బ్లాకులకు నాలుగో వరస ముక్కలే 144. పనికొచ్చే అడ్డం 42 అంగుళాలు అనుకుంటే ఒక పట్టీకి పది ముక్కలు, అంటే 15 పట్టీలు. చతురస్రాలకైతే ఆ పట్టీలకు 60 అంగుళాల గుడ్డ కావాలి. దీర్ఘచతురస్రాలకు 34 అంగుళాలు చాలు, గజం కూడా పట్టదు.

మందం సగానికి దిగింది కానీ రెండో బ్లాకూ పూర్తిగా సాపుగా రాలేదు. ఈసారి అడుగు గుడ్డ ఉతికి ఆరేసినదే. లోపం ఇంకోచోట ఉంది. గుడ్డను పోగు వెంట నిలువుగా, అడ్డంగా కోస్తాం. మూలలు దించగానే ముక్కోణానికి పక్కలుగా వచ్చే రెండు మడతలూ పోగుకు 45 డిగ్రీలలో పడతాయి, అంటే నిఖార్సైన క్రాస్. బ్లౌజుకు క్రాస్ కటింగ్ చేసినవాళ్లకు తెలుసు, క్రాస్ గుడ్డ లాగితే సాగుతుంది. నేనేమో ఇస్త్రీపెట్టెను చొక్కా మీద తోసినట్టు తోస్తున్నాను. ఒక్కో ముక్కోణం శిఖరం వైపు నూలుపోగంత సాగుతోంది. అలాంటివి ముప్ఫై ఆరు చేరేసరికి అక్కడక్కడా అలలు లేచాయి. ఇస్త్రీపెట్టెను పైనుంచి దించి, మూడు లెక్కపెట్టి, నిలువుగా ఎత్తాలి, పక్కకు జరపకూడదు. ఈ ఒక్క అలవాటు మార్చుకోవడానికి నాకు ఇరవై ముక్కలు పట్టింది.

గంజి సంగతి కూడా చెప్పాలి. క్రాస్ సాగకుండా ఉండాలంటే కోసే ముందే గుడ్డకు గంజి పెట్టాలి. మన చేతికి అలవాటు కదా అని బియ్యపు గంజి పెట్టాను. ముదురు రంగుల మీద తెల్లటి పొడలు తేలాయి, నలుపు మీదైతే విభూతి రాసినట్టే. అవన్నీ ఉతికి, సీసాలో దొరికే స్ప్రే గంజిని పల్చగా రెండు సార్లు కొట్టి, ఒక్కోసారి పూర్తిగా ఆరాక ఇస్త్రీ చేశాను. గుడ్డ దళసరి కాగితంలా తయారైంది, గోటి గీతకే మడత నిలిచింది. పని పూర్తయ్యాక ఈ గంజి వదిలిపోయేలా ఒకసారి చల్లటి నీళ్లలో ముంచి తీయాలి. లేకపోతే దాచిపెట్టినప్పుడు వెండిపురుగులు పట్టుకుంటాయి.

ఉతికి తీయాలంటే రంగు కారకూడదు. కొనేటప్పుడు అన్నీ కోనా కాటన్ అనే రకం నూలు గుడ్డలో ఉత్త రంగులే తీసుకున్నాను. అయినా ప్రతి రంగునూ తడిపి, తెల్ల గుడ్డ మధ్య పెట్టి ఇస్త్రీతో నొక్కి చూశాను. ముదురు ఎరుపు ఒకటి లేత గులాబీ మరక వదిలింది. దాన్ని విడిగా మూడు సార్లు ఉతికి, మరక రాదని తేలాకే కత్తెర పెట్టాను.

రంగుల ఎంపికలో ఆంటీకీ నాకూ చిన్న చర్చ నడిచింది. ఆవిడకు గడప రంగులు కావాలి, పసుపూ ఎరుపూ. పాత లాంకాస్టర్ క్విల్టుల్లో పసుపు, తెలుపు చాలా అరుదు. ముదురు ఎరుపు, వంకాయ రంగు, నీలాలు, ఆకుపచ్చలు వాటి ప్రాణం. నలుపు నేల మీద మెరిసే రంగులు ఓహాయో, ఇండియానా ఆమిష్ వాళ్ల తీరు. గోడ మీద రాత్రి దీపం వెలుగులో చూసే క్విల్టు కాబట్టి నేను నలుపు నేలే ఎంచుకున్నాను. వరసలకు మొదట ముదురు ఎరుపు, వంకాయ, ముదురు ఆకుపచ్చ, నీలం పెట్టాను. పగలు అద్భుతంగా ఉంది, సాయంత్రమయ్యేసరికి నక్షత్రం కరిగిపోయింది. ఫోన్‌లో ఫోటో తీసి నలుపు తెలుపులోకి మార్చి చూస్తే కారణం తెలిసింది, నాలుగు రంగులూ ఒకే బూడిద రంగులో ఉన్నాయి. మడతల నక్షత్రంలో కుట్టు కనిపించదు, గీత కనిపించదు. కొనను చూపించేది పక్క వరసతో ఉండే లేత ముదురు తేడా ఒక్కటే. చివరికి మొదటి వరస ముదురు ఎరుపు, రెండోది లేత నీలం, మూడోది వంకాయ రంగు, నాలుగోది నెమలికంఠం. ఎరుపు కేంద్రంలో ఉంది కాబట్టి ఆంటీ ఒప్పుకున్నారు. "పసుపు లేకపోతేనేం తల్లీ, కుంకుమ ఉంది" అన్నారు.

మూడో బ్లాకు నుంచి పాటించిన క్రమం ఇది. ఉతికి, గంజి పెట్టిన 9½ అంగుళాల అడుగు గుడ్డ మీద సన్నని పెన్సిల్‌తో నిలువు గీత, అడ్డ గీత, రెండు ఐమూల గీతలు, వాటి మధ్య ఇంకో నాలుగు. మొత్తం పదహారు దిక్కులు. ప్రతి గీతనూ గుడ్డ అంచు దాకా లాగాలి, ఎందుకంటే వరసలు పడేకొద్దీ నడుమ గీతలు మూసుకుపోతాయి, అంచుల్లో కనిపించే కొసలే దిక్కు చూపిస్తాయి. పారదర్శకమైన స్కేలును ఒక కొస నుంచి ఎదుటి కొసకు ఆనిస్తే శిఖరం ఎక్కడ పడాలో తెలుస్తుంది. మొదటి బ్లాకుకు వేడి తగిలితే మాయమయ్యే పెన్ను వాడాను. రెండో వరస ఇస్త్రీ చేయగానే గీతలన్నీ పోయాయి, మూడో వరస అంచనాతో పెట్టాల్సి వచ్చింది. ఇందులో మధ్యమధ్యలో ఇస్త్రీ తప్పదు కాబట్టి ఆ పెన్ను ఇక్కడ పనికిరాదు.

ముక్కోణాన్ని చీలిక పైకి ఉండేలా పెట్టాలి. చీలిక సరిగ్గా గీత మీద పడాలి. సూదిని అడుగు నుంచి పైకి తెచ్చి, శిఖరం కొసన రెండు పోగులు మాత్రం పట్టి, వచ్చిన చోటే కిందికి దించాలి. పైన దారం కనపడకూడదు. దారం లాగి బిగిస్తే శిఖరం గుంటపడి మొద్దుబారుతుంది, ఆనితే చాలు. కింది పచ్చి అంచును పావు అంగుళం లోపల పొడవాటి కచ్చా కుట్టుతో నిలపాలి, ఇక్కడ కూడా లాగకూడదు. రెండో వరస నుంచి ముందు నాలుగు ప్రధాన దిక్కుల్లో, తర్వాత ఐమూలల్లో పెట్టాలి. అలా కాకుండా గుండ్రంగా వరసపెట్టి వెళితే ఆఖరి ముక్కకు చోటు చాలదు. ప్రతి వరస పూర్తయ్యాక అడుగు ముక్కల చెవుల్లో, అంటే ముక్కోణం పక్క మూలల్లో, బయటికి పొడుచుకొచ్చి పై వరసకు అందని భాగాన్ని కత్తిరించేశాను. మందం తగ్గడానికి ఇది కూడా కొంత సాయం చేసింది.

మూడో బ్లాకును బల్ల మీద పెట్టినప్పుడు స్కేలు అంచును అడ్డంగా నిలబెట్టి చూశాను. ఎక్కడా వెలుగు దూరలేదు. నేను ఆశించిందానికన్నా బాగా కూర్చుంది. ఆ రోజు ఇంక ఏమీ కుట్టలేదు.

నక్షత్రం చుట్టూ పచ్చి అంచులను కప్పే నల్ల గుడ్డకు నడుమ గుండ్రటి కిటికీ ఉంటుంది, దాని గురించి క్లుప్తంగా చెబుతాను. 9½ అంగుళాల నల్ల గుడ్డ మీద అంతే కొలత ఉన్న లాన్ అనే పల్చటి నల్ల నూలు గుడ్డను మంచివైపులు ఎదురెదురుగా పెట్టి, 6½ అంగుళాల వ్యాసంతో వలయం కుట్టాను. లోపలి గుడ్డను పావు అంగుళం వదిలి కోసేసి, వదిలినదానికి దగ్గర దగ్గరగా గాట్లు పెట్టి, లానును వెనక్కి తిప్పి ఇస్త్రీ చేశాను. నక్షత్రం కేంద్రం నుంచి మూడున్నర అంగుళాల దాకా నిండుగా ఉంటుంది, కిటికీ మూడుంపావు దగ్గర ఆగుతుంది. ఆ పావు అంగుళం లోపల కచ్చా కుట్లన్నీ దాక్కుంటాయి. కిటికీని నక్షత్రం మీద పెట్టి నల్ల దారంతో చేత్తో హెమ్మింగ్ కుట్టు. మిషన్ మీద కూడా వేయవచ్చు గానీ ఈ మందంలో పాదం కింద గుడ్డ జరిగి వలయం కోడిగుడ్డవుతుంది.

మొదట్లో తడబడ్డా, ఒక్కో బ్లాకు నాలుగు గంటలకు స్థిరపడింది. మడతలకు ముప్పావు గంట, పెట్టి కుట్టడానికి రెండున్నర గంటలు, కిటికీకి ముప్పావు గంట.

ఆరో బ్లాకులో దెబ్బ తిన్నాను. నాలుగో వరస పెట్టాక ఒక మూల కొనలు ఇరుగ్గా, ఎదుటి మూల వదులుగా కనిపించాయి. కొలిస్తే మూడో వరసలో పక్కపక్కనే ఉన్న మూడు శిఖరాలు 1 అంగుళం దగ్గర కాకుండా పరక జరిగి ఉన్నాయి. అంగుళంలో ఎనిమిదో వంతు. అప్పుడే వచ్చిన ఆంటీ చూసి, "ఉండనివ్వమ్మా. ఆమిష్ వాళ్లు దేవుడొక్కడే లోపం లేనివాడని కావాలనే ఒక తప్పు వదిలేస్తారట కదా" అన్నారు. ఈ మాట కొట్లలో, పర్యాటకుల నోట చాలా వినిపిస్తుంది. క్విల్టుల చరిత్ర చదివినవాళ్లు దీన్ని కట్టుకథగానే చూస్తారు. పాత క్విల్టుల్లో కనిపించే రంగు తేడాలకు గుడ్డ చాలకపోవడం, ఉన్నదానితో సర్దుకోవడం లాంటి మామూలు కారణాలే ఎక్కువ. కావాలని తప్పు చేయడానికి ముందు నా పని అంత తప్పులేనిదని అనుకోవాలి కదా, నేనలా అనుకోలేను. నాలుగో వరస పదహారూ, మూడో వరస ఎనిమిదీ, మొత్తం 24 ముక్కలు విప్పాను. వాటిలో ఐదు విప్పేటప్పుడు క్రాస్ మీద సాగిపోయాయి, కొత్తవి కోశాను. ఒక సాయంత్రం మొత్తం అందులోనే పోయింది. ఆ తర్వాత ప్రతి వరస పూర్తవగానే నాలుగు వైపులా కొలిచి, కాగితం మీద టిక్కు పెట్టాకే పై వరస మొదలుపెట్టాను.

తొమ్మిది బ్లాకులు మూడు బై మూడుగా కలిపితే 27 అంగుళాలు. చుట్టూ అంగుళంన్నర వంకాయ రంగు పట్టీ, దాని చుట్టూ 6 అంగుళాల నల్ల అంచు, నాలుగు మూలల్లో ముదురు ఎరుపు చతురస్రాలు. మొత్తం 42 అంగుళాలు. వెడల్పాటి అంచు, మూలల్లో గడులు, ఈ రెండూ నేను లాంకాస్టర్ పాత క్విల్టుల నుంచి తీసుకున్నవి. ఏటా చలికాలం చివర్లో మంచు కరిగి నేల బురదయ్యే రోజుల్లో అక్కడి ఊళ్లలో మడ్ సేల్స్ జరుగుతాయి. ఊరి వాలంటీర్ ఫైర్ కంపెనీల కోసం వేలాలు పెడతారు. నాగళ్లు, బగ్గీలు, క్విల్టులు అన్నీ ఒకచోటే. ఆ వేలాల్లో ఇద్దరు మనుషులు క్విల్టును ఎత్తి పట్టుకున్నప్పుడు నడుమ నమూనా కన్నా ముందు ఆ ఖాళీ అంచే నా కంటికి ఆనేది. అంచు లేకపోతే తొమ్మిది నక్షత్రాలూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టుంటాయి.

లోపల పెట్టే దూదిపరుపు విషయంలో నేను చేసిన మార్పు ఒకటుంది. నక్షత్రమే పది పొరల మందం. దాని కింద మళ్లీ దూది పరిస్తే మొదటి బ్లాకు మూకుడు తిరిగొస్తుంది. అందుకని పల్చటి నూలు దూదిపరుపు (బ్యాటింగ్ అంటారు) తీసుకుని, ప్రతి నక్షత్రం కింద 6 అంగుళాల గుండ్రటి ముక్క కోసి తీసేశాను. నేల ఎత్తూ నక్షత్రం ఎత్తూ దాదాపు సమానమయ్యాయి. నక్షత్రాల మీద క్విల్టింగ్ కుట్టు, అంటే పొరలన్నిటినీ కలిపే కుట్టు, వేయలేదు. వేస్తే మడతలు చచ్చిపోతాయి. ఒక్కోదాని కేంద్రంలో నాలుగు శిఖరాలు కలిసే చోట వెనక గుడ్డ దాకా ఒకే ఒక్క ముడి వేశాను. నల్ల అంచు మీద మాత్రం మూడు పాయల జడ అల్లికను చేతికుట్టుతో నడిపాను. ఆమిష్ వాళ్లూ కేబుల్ అని ఇలాంటి అల్లికే అంచుల్లో వేస్తారు. నాకు మాత్రం గీస్తున్నంతసేపూ మా అమ్మ వేసిన జడే గుర్తొచ్చింది. నలుపు మీద నల్ల దారం కాబట్టి వెలుగు పక్కనుంచి పడితే తప్ప ఆ జడ కనపడదు. క్విల్టింగుకు 30 గంటలు పట్టింది.

వెనక కింది మూలలో చిన్న గుడ్డ చీటీ కుట్టి, నా పేరు, ఎక్స్‌టన్, సంవత్సరం, "ఆమిష్ రంగుల్లో మడతల నక్షత్రాలు" అని దారంతో రాశాను.

గృహప్రవేశానికి రెండు రోజుల ముందు ఆంటీ కొడుకూ నేనూ కలిసి మెట్ల పక్కన వేలాడదీశాం. పైన వెనక కుట్టిన గుడ్డ గొట్టంలోంచి కర్ర దూర్చి, రెండు మేకుల మీద పెట్టాం. పడమటి కిటికీ వెలుగు నేరుగా పడని గోడ అది, ముందే చూసి ఎంచుకున్నాను, వంకాయ రంగు ఎండకు తొందరగా వెలుస్తుంది. ఆంటీ మెట్ల మీద నిలబడి నక్షత్రం కొన ఒకటి వేలితో తాకి చూశారు, తర్వాత పక్కదీ, ఆ పక్కదీ. ఆరో బ్లాకు ఏదో తానే కనిపెడతానన్నారు, కనిపెట్టలేకపోయారు.

ఆరు నెలలకు మళ్లీ వెళ్లి చూశాను. ఎనిమిది బ్లాకులు పెట్టినప్పటిలాగే ఉన్నాయి. ఎడమవైపు కింది బ్లాకులో లేత నీలం శిఖరం ఒకటి వెంట్రుకవాసి పైకి లేచింది, అక్కడ నేను పట్టిన పోగులు చాలలేదు. సంచిలోంచి సూది తీసి, మెట్ల మీద కూర్చుని, గోడ మీద ఉండగానే ఒక్క కుట్టు వేశాను.